గాలీ, గడ్డీ, మా మేనేజర్‌గారూ

మా మేనేజర్‌గారి హయాంలో మా జట్టు తనంతట తానుగా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. గాలి ఓడించింది, గడ్డి ఓడించింది, ఎండ ఓడించింది, ఒకసారి ఎదుటి జట్టు వేసుకున్న పసుపుపచ్చ చొక్కాలు ఓడించాయి. సాకులు చెప్పడంలో ఆయన్ని మించినవాడు మా లీగ్‌లోనే కాదు, పై లీగుల్లో కూడా లేడని రాసిస్తాను. ఆరేళ్లు ఆయన దగ్గర గోల్‌కీపర్‌గా ఉన్నాను కాబట్టి ఆ మాత్రం హక్కు నాకుంది.

ఆయనా ఒకప్పుడు ఆటగాడే. పధ్నాలుగేళ్లు డిఫెండర్‌గా ఆడారు. అయిదు క్లబ్బులు మారారు, అన్నీ కింది లీగులవే. పై లీగు మైదానంలోకి ఒక్కసారి వెళ్లారు, అదీ టికెట్ కొనుక్కుని. మోకాలు అరిగిపోయాక మా క్లబ్బు పిలిచి మేనేజర్ని చేసింది. మేనేజర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. జట్టును ఎంచడం దగ్గర్నుంచి మైదానంలో సున్నం గీతలు గీయడం, బంతులకు గాలి కొట్టడం దాకా అన్నీ ఆయన పనే.

మ్యాచ్ ఓడగానే పత్రిక విలేకరి వచ్చేవాడు.

"నాలుగు గోల్స్ ఇచ్చారేంటి సార్?"

"గడ్డండీ. కోసినవాడు ఎడమ నుంచి కుడికి కోశాడు. మావాళ్లు కుడి నుంచి ఎడమకి ఆడతారు."

"సెకండ్ హాఫ్‌లో వైపులు మారారు కదా?"

"అప్పటికి గడ్డి నలిగిపోయింది."

విలేకరి అదీ రాసుకునేవాడు. మేం తలలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బూట్ల తాళ్లు విప్పుకుంటూ కూర్చునేవాళ్లం. మావాడొకడు పెనాల్టీని పక్క వీధిలోకి తన్నినప్పుడు "బంతి కొత్తది, ఇంకా దారి తెలీదు" అన్నారు. ఇంక మా కెప్టెన్ ఆగలేకపోయాడు.

"సార్, కనీసం నమ్మేలా ఉండేదొకటి చెప్పండి. టీకొట్టు దగ్గరికి వెళ్లలేకపోతున్నాం."

"నమ్మేస్తే వాళ్లు ఇంకేం మాట్లాడుకుంటారయ్యా?" అన్నారాయన తీరిగ్గా.

ఇలా ఉండగా సీజన్ ఆఖరి మ్యాచ్ వచ్చింది. డ్రా చేసుకుంటే లీగ్‌లో ఉంటాం, ఓడితే కిందికి పోతాం. ఎనభై తొమ్మిదో నిమిషం దాకా గోల్ లేదు. అప్పుడొక బంతి వచ్చింది. దాన్ని ఎవరూ తన్నలేదు కూడా, ఎవరి మోకాలికో తగిలి సోమరిగా దొర్లుకుంటూ వచ్చింది. మా అమ్మమ్మయినా కళ్లజోడు లేకుండా పట్టేసేది. నేను వంగాను. అది నా చేతుల కిందనుంచి లోపలికి వెళ్లిపోయింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో తువ్వాలు తల మీద కప్పుకుని కూర్చున్నాను. క్లబ్బు ప్రెసిడెంట్‌గారు విసురుగా లోపలికొచ్చారు, వెనకాలే విలేకరి.

"ఆ గోల్‌కి ఎవరు బాధ్యులు? నాకు పేరు కావాలి!"

"నేనేనండీ. తుమ్మాను," అన్నారు మేనేజర్‌గారు.

"ఏమిటీ?"

"సరిగ్గా అప్పుడే తుమ్మాను. కీపర్ ఉలిక్కిపడి ఇటు చూశాడు, బంతి అటు పోయింది."

"మీ బెంచికీ గోల్‌కీ అరవై గజాలుందయ్యా!"

"నా తుమ్ము మీరు వినలేదు."

మర్నాడు పత్రికలో పెద్దక్షరాలతో వచ్చింది: 'మేనేజర్ తుమ్మారు, జట్టు ఓడింది'. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆయన కూరగాయలకు వెళ్తే కొట్టువాళ్లు వరసగా తుమ్మారు. బస్సెక్కితే కండక్టర్ తుమ్మాడు. గోల్ ఇచ్చింది నేనన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. పైగా ఒక పెద్దాయన నన్ను ఆపి, "చెవులు బాగానే ఉన్నాయా బాబూ?" అని జాలిగా అడిగాడు.

కానీ ఆయన తుమ్మలేదని నాకు తెలుసు. ఆ బంతి రెండు రోజులపాటు నా కళ్లముందు దొర్లుతూనే ఉంది. ఇక ఆడకూడదని నిశ్చయించుకుని, మూడోరోజు సాయంత్రం గ్లవ్స్ తిరిగిచ్చేద్దామని వాళ్లింటికి వెళ్లాను.

వాళ్లావిడ తలుపు తీసింది. ఇల్లంతా మాడిన పాల వాసన.

"పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయారు. అడిగితే 'తప్పు నాదే, చూసుకోలేదు' అని పాలకోసం పరిగెత్తారు. ఇంట్లో ఆయనకి ఒక్క సాకు కూడా రాదు నాయనా. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను."

"మా సార్‌కి సాకు రాదా?" అన్నాను.

"మా పెళ్లైన కొత్తలో ఒక మ్యాచ్‌లో సొంత గోల్‌లోనే బంతి కొట్టారు. అప్పటి మేనేజర్ ఆయన పేరు పత్రికలవాళ్లకి చెప్పేశాడు. ఇక చూడు, రెండు నెలలు వెనక సందుల్లోంచే తిరిగారు. 'జనం ఎవర్నో ఒకర్ని చూసి ఎలాగూ నవ్వుతారే, ఆ ఒకడు నేనైతే పిల్లలు హాయిగా ఆడుకుంటారు' అంటారు."

ఆరేళ్లు ఆయన్ని చూసి సిగ్గుపడినందుకు నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

ఇంతలో ఆయన పాల ప్యాకెట్‌తో వచ్చారు. నా చేతిలో గ్లవ్స్ చూశారు.

"రేపు ఆరింటికి ప్రాక్టీస్," అన్నారు.

"నేను రాలేను సార్."

"ఎందుకు?"

భయమేస్తోందని చెప్పడానికి నోరు రాలేదు. "జలుబు చేసింది సార్."

"ముక్కు బాగానే ఉందే."

"భుజం కూడా పట్టేసింది. పైగా ఈ గ్లవ్స్... బిగుతైపోయాయి."

ఆయన పాల ప్యాకెట్ బల్లమీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, ఆరేళ్లలో నేనెన్నడూ వినని గొంతుతో గద్దించారు.

"ఇదిగో చూడు, నా దగ్గర సాకులు చెప్పకు!"

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడకి చేరగిలబడింది. ఆయన ఓ క్షణం బింకంగానే నిలబడ్డారు, తర్వాత ఆయనా నవ్వేశారు. నేను గ్లవ్స్ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాడు పావు తక్కువ ఆరుకల్లా గోల్‌లో నిలబడ్డాను.