నిజాంసాగర్‌లో మా మకాం

ఎండాకాలం రాగానే కామారెడ్డిలో ఇంటికి తాళం వేసి పిట్లం పోవడం మా ఇంటి ఆనవాయితీ. బాపు బడిపంతులు, కాబట్టి సెలవులకు కొదవ లేదు. పిట్లంలో ఉండేది మా పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. వాళ్ళింట్లో దిగి, ఒకనాడు బాన్సువాడ సంతకు, ఇంకొకనాడు బిచ్కుందలో చుట్టాల పెళ్ళికి, మరొకనాడు నిజాంసాగర్ కట్ట చూడ్డానికి బండి కట్టించుకుని తిరిగేవాళ్ళం. ఏ వేళకు తిరిగొచ్చినా పెద్దమ్మ పొయ్యి దగ్గరే ఉండేది. పెద్దమ్మలంటే అంతే కాబోలు అనుకునేదాన్ని.

ఒక ఏడు తిరుగు ప్రయాణంలో అమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. బండి ఎల్లారెడ్డిలో ఆగింది. అక్కడ ఎడ్లకు నీళ్ళు పెడుతుంటే బాపుతో తేల్చి చెప్పింది.

"ఇన్ని దినాలున్నగని అక్కతోని కూసొని నాలుగు మాటలు మాట్లాడలే. మనం పోతే దానికి చాకిరి. వచ్చే ఏడు ఆ ఇంట్ల దిగేది లేదు."

"మరి ఏడ దిగుదామంటవ్?"

"కట్ట కాడ."

బాపు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. అంటే పని ఖాయమన్నమాట.

కట్ట కట్టేటప్పుడు నౌకర్ల కోసం వేసిన గదులు కొన్ని, పని అయిపోయాక అక్కడ ఖాళీగా ఉండేవి. మరుసటి ఏడు బాపు రెండు గదులు కిరాయికి పట్టాడు. ఊరు చిన్నదే అయినా మేము పోవాలనుకున్న ఊళ్ళన్నిటికీ అక్కడి నుంచి దారి ఉంది. పగలంతా ఎండలో తిరిగి వచ్చి, నీళ్ళ మీది నుంచి వచ్చే గాలికి మంచాలు వేసుకుంటే ఒళ్ళు తెలియని నిద్ర. సెలవులకు ఇంతకంటే మంచి మకాం మా దిక్కున లేదని అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటాను.

పిట్లంలో మాత్రం ఇది పెద్ద గొడవైంది. తోబుట్టువు ఇల్లు ఉండగా కిరాయి గదుల్లో దిగడమంటే నలుగురిలో తల తీసేసినట్టే. మేము చూడ్డానికి పోతే పెద్దమ్మ కాళ్ళకు నీళ్ళివ్వలేదు, గడప దాటి బయటికి రాలేదు.

"కిరాయి ఇండ్లు దొరికినోళ్ళకు మా ఇంట్ల ఏం పని?" అని లోపలి నుంచే అంది.

అమ్మకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. పెంచింది ఈ అక్కే. ఆమె మాట్లాడకపోతే అమ్మకు పుట్టిల్లు లేనట్టే. కళ్ళ నిండా నీళ్ళున్నా గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది.

"నా మకాం ఎట్లున్నదో చూసి అప్పుడు తిట్టు అక్కా. ఒక్కసారి రా."

నాలుగైదు రోజులకు పెద్దమ్మ వచ్చింది. బండి దిగుతున్నప్పుడే ఆమె ముఖం చూసి, ఇవాళ తిట్లు తప్పవనుకున్నాను. బాపు తెలివైనవాడు, కట్ట దిక్కు జారుకున్నాడు. అమ్మ అప్పుడే అన్నం వార్చింది. అక్క చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి ఆకు వేసింది.

"ఏందిది? ముందుగాల మగోళ్ళను తిననియ్యి."

"వాళ్ళెక్కడికి పోతరు? నువ్వు తిను."

పొగలు కక్కే అన్నం, దాని మీద చేపల పులుసు. పెద్దమ్మ అలవాటుగా అయిదు వేళ్ళూ అన్నంలోకి దించి, కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కుంది. పిల్లలం కిసకిసా నవ్వాం. అమ్మ మాత్రం నవ్వలేదు. పెద్దమ్మ వేళ్ళు ఊదుకుంటూ ఆకు వంక చూస్తూ ఉండిపోయింది.

"అన్నం గింత కాలుతదని యాదే లేదు చెల్లె," అంది.

పిట్లం ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినప్పటి నుంచి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చల్లన్నమే ఆమె వంతు. అమ్మ విసనకర్ర తీసుకుని ఆకు మీద విసురుతూ కూర్చుంది. పెద్దమ్మ రెండుసార్లు మారు వడ్డించుకుంది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలు ఏమయ్యాయో గానీ, అక్కాచెల్లెళ్ళు పొద్దు వాలేదాకా గుమ్మంలో కూర్చుని ముచ్చట్లు పెట్టారు. వాళ్ళను చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఇంతలో పెద్దమ్మ బండి తోలుకొచ్చిన పిట్లం జీతగాడు ఎడ్లను కట్టి వచ్చాడు.

"పోదమా అమ్మా? రాత్రి వంట యాళ్ళయితది."

పెద్దమ్మ నీళ్ళ దిక్కు చాపుకున్న కాళ్ళు తియ్యలేదు.

"నువ్వు పోరా. నేను నాలుగు దినాలు ఈడనే ఉంట."

"మరి ఇంట్ల వంట?"

"పొయ్యి ఆడనే ఉన్నది. నేనొక్కదాన్నే వచ్చిన."