ముగ్గులో కింది వరుస

మీ ఇంటి ముందు ముగ్గును మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? దాటడం గురించి అడగడం లేదు. దాటడం నాకూ బాగా వచ్చు. చెప్పులు తగలకుండా పెద్ద అంగ వేసి బయటికి వెళ్ళి, ముగ్గేస్తే లక్ష్మి వస్తుందనే వాళ్ళతో సాయంత్రం దాకా వాదించి, మళ్ళీ అదే అంగ వేసి ఇంట్లోకి వచ్చిన మనిషిని. చూశారా అని అడుగుతున్నాను.

మేము కుందలహళ్ళిలో ఒక అద్దె ఇంటి మొదటి అంతస్తులో ఉంటాం. కింద ఓనరమ్మ ఉంటుంది. తాతల నాటి నుంచీ ఈ కన్నడ ఊళ్ళోనే ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. మా తలుపుకూ మెట్లకూ మధ్య ఒక మంచం పట్టేంత జాగా ఉంది. రోడ్డు మీద టెక్ పార్కు క్యాబుల హారన్లు మొదలయ్యేలోపే నా భార్య ఆ జాగా కడిగి మెలికల ముగ్గు వేస్తుంది. ముందు చుక్కలు పెడుతుంది. తరువాత ఒకే గీత ప్రతి చుక్కనూ చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి మూసుకోవాలి. ఆ తరువాతే దీపం, జపం. ఆమెకు దేవుడున్నాడు, నాకు లేడు. ఈ విషయం మీద మా యుద్ధం ఎప్పుడో చల్లబడింది.

మొన్న చలికాలంలో ఓనరమ్మ నీళ్ళ ట్యాంకు చూడడానికి మేడ మీదికి వెళ్తూ మా తలుపు దగ్గర ఆగింది. నేను పేపరు తీసుకుంటున్నాను.

"ఏమప్పా, అమ్మణ్ణికి ఒళ్ళు బాగుండాదా?"

"బాగానే ఉందండీ. ఏం?"

"ముగ్గు మూసుకోలేదు చూడు. నిన్నా ఇట్లే ఉండాది. తెరుచుకున్న గీత ఇంటికి మంచిది కాదప్పా. సుమ్నే, ఊరికే చెప్తా ఉండాను, నువ్వు ఇవన్నీ నమ్మవు కదా."

"నమ్మనండీ. ముగ్గు మూసేస్తే దొంగలు రారంటే చెప్పండి, తాళం కొనడం మానేస్తాను."

"నీకు నోరు జాస్తి" అని నవ్వి ఆమె మేడ ఎక్కింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. వంగి చూశాను. పై వరుసలు అచ్చు పోసినట్టు ఉన్నాయి. కింది వరుసలో, అంటే వేసే మనిషి పాదాలకు దగ్గరగా ఉండే వరుసలో, చుక్కలు కొన్ని లేనే లేవు. ఉన్న చుక్కల దగ్గరికి వచ్చిన గీత వాటిని చుట్టకుండానే ఆగిపోయింది. చెయ్యి వణికితే ముగ్గంతా వణకాలి. తొందరపడితే అన్ని వైపులా పాడవాలి. ఒక్క వైపే ఎందుకు?

ఆ ప్రశ్న పుట్టగానే మిగతావన్నీ గుర్తొచ్చాయి. ఆమె కొన్నాళ్ళుగా చివరి మెట్టు దగ్గర తడబడుతోంది. గడపకు కాలి వేలు కొట్టుకుంటోంది. చెప్పులు అరిగాయని నేనే కొత్తవి కొని తెచ్చాను.

లోపలికి వెళ్ళి అడిగాను. ఆమె వంటింట్లో కొత్తిమీర తరుగుతోంది.

"నీ కళ్ళకేమైనా ఇబ్బందిగా ఉందా?"

"కళ్ళకేం? పేపరు చదువుతున్నా కదా. మనసే నిలవడం లేదు."

"మనసుకు కింది వరుస మీదే కోపమా?"

"మీరు ఎగతాళి చేస్తారనే చెప్పలేదు" అంది కత్తి ఆపి. ఫోన్లో ఒక ప్రవచనం వింటోందట. పొద్దున వేసే ముగ్గు మనసుకు అద్దమని, గీత తెగిందంటే భక్తిలో లోపముందని ఆయనెవరో చెప్పాడట. అప్పటినుంచి జపమాల రెండోసారి తిప్పుతోంది. శనివారం ఉపవాసం పెట్టుకుంది. అయినా గీత మూసుకోవడం లేదు.

"అంత భయమైతే ముగ్గు మానేయొచ్చుగా."

"మానేస్తే ఇంకా చెడ్డది కదండీ." మళ్ళీ కొత్తిమీర తరుగుతూ అంది, "గీత తెరుచుకుంటే ఇంటి మగవాడికి గండమంటారు. గుండెలో స్టెంటు ఉన్నది మీకు. నాకా?"

ఇన్నాళ్ళూ ఆమె నా ప్రాణానికి భయపడుతూ ముగ్గు వేస్తోంది. ఆ భయంలో తన కళ్ళ సంగతి ఆమెకు తట్టనే లేదు.

వాదించడానికి నోరు తెరిచాను. నా దగ్గర ముప్పై ఏళ్ళ వాదాలున్నాయి. అన్నీ పక్కన పెట్టాను. ఆమె చెయ్యి పట్టుకుని ముగ్గు దగ్గరికి తీసుకెళ్ళి, రోజూ కూర్చునేట్టే కూర్చోమన్నాను. నడిమి చుక్కనే చూడు, కళ్ళు కదపకు అన్నాను. ఆమె కాలి బొటనవేలి ముందు ఒక చింతగింజ పెట్టాను.

"ఏం కనిపిస్తోంది?"

"ముగ్గు."

"ఇంకా?"

"ఇంకేముంది? మీరేమైనా పెట్టారా?"

గింజను కొద్దికొద్దిగా పైకి జరిపాను. చాలా దూరం జరిపాక "ఆ, గింజ" అంది నవ్వుతూ, ఇదేదో ఆటైనట్టు. ఆమె కంటిచూపులో కింది భాగం ఎప్పుడో వెళ్ళిపోయింది. తిన్నగా చూసే చూపు బాగానే ఉంది గనక, వెళ్ళిన సంగతి ఆమెకే తెలియలేదు.

ఆ రోజే బ్రూక్‌ఫీల్డ్ వైపున్న ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళాం. చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్షకు ఆమెను చీకటి గదిలోకి తీసుకెళ్ళారు. గిన్నె లాంటి యంత్రంలోకి చూస్తూ, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. నేను తెర బయట బెంచీ మీద కూర్చున్నాను. మీట చప్పుడు వినిపిస్తోంది. టిక్. టిక్. తరువాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఎన్ని వెలుగులు ఆమె ముందు పుట్టి ఆరిపోతున్నాయో అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరోగ్యమైన కంటికి కూడా అందులో కొన్ని కనిపించవని తరువాత చెప్పారు. అప్పుడు నాకది తెలియదు.

నేను ప్రార్థించలేదు. ఎవరిని ప్రార్థించాలో తెలియక కాదు, భయం వేసింది కదా అని అబద్ధం నిజమైపోదు. కానీ చేతులకు ఏదో ఒక పని కావాలనిపించింది. చూపుడు వేలితో తొడ మీద ఆమె ముగ్గు గీయబోయాను. రాలేదు. ఎన్నో ఏళ్ళుగా రోజూ దాటిన ముగ్గు! గీత ఎక్కడ మొదలవుతుందో, మొదటి చుక్క దగ్గర ఎటు తిరుగుతుందో కూడా నాకు తెలియదు. భయం వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఆమె చేతులకు ఒక పని ఉంది. నాకు వాదన తప్ప ఏమీ లేదు, ఆ బెంచీ మీద వాదన ఎందుకూ పనికిరాలేదు.

డాక్టరమ్మ ఆమెతోనే నేరుగా మాట్లాడింది. నీటికాసులు, అంటే గ్లాకోమా. రెండు కళ్ళలోనూ. "పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. చుక్కల మందు రోజూ ఒకే వేళకు, ఒక్క రోజు కూడా మానకుండా వేసుకోవాలి. వేసుకోగలరా?"

"దీపం ఒక్క రోజైనా మానానా?" అని నా భార్య నన్ను అడిగింది.

"మానలేదు" అన్నాను.

ఇప్పుడు దీపం వెలిగించగానే ఆమె కుర్చీలో తల వెనక్కి వాలుస్తుంది. నేను ఆమె కళ్ళలో మందు చుక్కలు వేస్తాను. కళ్ళు మూసుకుని, మందు ఇంకేదాకా ఆమె జపం చేసుకుంటుంది. నేను పక్కనే ఊరకే కూర్చుంటాను. రోజు మొత్తంలో నేను దేన్నీ ఖండించని కాసేపు అదే. నా జీవితానికి అర్థం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఆ కుర్చీని చూపిస్తాను. దీన్ని ఆధ్యాత్మికత అంటారో ఏమంటారో, పేరు మీద నాకు పట్టింపు లేదు. రోజూ ఒకే పనిని మనసు పెట్టి చేసే మనిషి కాబట్టే ఆమె ముగ్గులో లోపం అంత స్పష్టంగా కనిపించింది. ఆ లోపానికి పాపమని, గండమని అర్థం చెప్పినవాళ్ళు మాత్రం ఆమె చూపులో కొంత తినేశారు. వాళ్ళతో నా పోరు ఆగదు.

ముగ్గు కూడా మానలేదు. చుక్కలు పెట్టాక లేచి అవతలి వైపుకు వెళ్ళి కూర్చుంటుంది. ఇటు నుంచి కనబడని వరుస అటు నుంచి కనబడుతుంది. దాన్ని అక్కడి నుంచి పూర్తి చేస్తుంది.

"ప్రదక్షిణ అయింది" అంటుంది నన్ను ఉడికించడానికి.

"తనిఖీ అయింది" అంటాను.

ఓనరమ్మ మెట్ల మీద నుంచే కేక వేస్తుంది: "ఏదో ఒకటి అయిందిలే అప్పా, దారి వదులు."

భయం మాత్రం పోలేదు. నేనిప్పుడు ముగ్గును చూడకుండా దాటను. రోజూ పొద్దున వంగి కింది వరుస చూస్తాను. తరువాత దానిపై వరుస చూస్తాను. గీత అక్కడ కూడా ఎప్పుడైనా ఆగుతుందేమోనని వెతుకుతాను. మూసుకున్న గీత కనిపించాకే పేపరు అందుకుంటాను.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు రోజూ ఒక పని భక్తితో చేస్తుంటారు. ముగ్గో, దీపమో, నమాజో, ప్రార్థనో. రేపు పొద్దున పక్కన కూర్చుని ఆ చేతులు చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపిస్తే అర్థాలు చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఆ మనిషిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేపే వెళ్ళండి.