పెళ్లి పొగకు తెచ్చిన మంచు

మా ఆడబిడ్డ పోయిన వారం రాజేంద్రనగర్‌లోని తన ఇంట్లో నిద్రలోనే కన్నుమూసింది. పరామర్శకు వచ్చినవాళ్లు ఆమె ఏం పని చేసేదని అడిగితే, మావారు చెల్లెలి గురించి చెప్పలేక నా వైపు చూశారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను.

దక్షిణ అమెరికా పల్లెల్లో మట్టిగోడల పగుళ్లలో ఒక పురుగు ఉంటుంది. దాని ద్వారా ఒక పరాన్నజీవి ఒంట్లో చేరి, ఏళ్లు గడిచాక గుండెను పాడుచేస్తుంది. అందరి గుండెనూ కాదు. ఒకే గోడ పక్కన పడుకున్న అన్నదమ్ముల్లో ఒకరికే ఎందుకు? జవాబు జన్యువుల్లో ఉందేమోనని ఆమె ఇక్కడే, మా నగరంలోని ప్రయోగశాలలో వెతికేది. "అంటే చెడ్డ రక్తమా?" అని ఒకసారి అడిగాను.

"గట్ల అనకు వదినా. తట్టుకోలేని నెత్తురు అను. తప్పు పురుగుది."

ఎవరు కనబడినా "మీరు అన్నదమ్ములెంతమంది?" అని అడగడం ఆమెకు అలవాటు. సంబంధాలు చూస్తుందనుకుని మా ఎదురింటామె కూతురి ఫోటో తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ పిల్ల పెళ్లి 2011 ఎండాకాలంలో, శంషాబాద్ ఫంక్షన్ హాల్లో. మధ్యాహ్నం మేం భోజనాలకు లేస్తుంటే ఆమెకు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్. దక్షిణ అమెరికా పల్లెలోని అన్నదమ్ములిద్దరి రక్తం విమానంలో వచ్చింది. కాగితాల పని తేలలేదు, పెట్టెలో రక్తాన్ని చల్లగా ఉంచే పొడి మంచు, అదే డ్రై ఐస్, అయిపోవస్తోంది. వాళ్లలో అన్న అప్పటికే చనిపోయాడు. ఆ రక్తం చెడితే మళ్లీ దొరకదు.

ఆమె నేరుగా డెకరేషన్ అతని దగ్గరికి వెళ్లింది. సాయంత్రం బ్యాండు మోగుతుంటే వధూవరులు పొగలో నడిచి రావడానికి అతను తెచ్చిందీ పొడి మంచే.

"జర గా మంచు నాకియ్యి తమ్మీ. సచ్చిపోయినాయన నెత్తురు కాపాడాలె."

"సచ్చిపోయినంక ఇగ ఏం కాపాడుతవు మేడం?"

"ఆయన తమ్ముడు బతికున్నడు."

అతను తల గోక్కున్నాడు. పక్కనే ఉన్న పెళ్లికూతురి తండ్రి అన్నాడు: "ఇచ్చెయ్యరా. పొగ లేకుంటె నా బిడ్డ మొఖమన్న కనవడ్తది."

ఆ రక్తం చెడలేదు. అన్నదమ్ములిద్దరి రక్తాన్నీ పోల్చి చూస్తూ ఆమె చాలాకాలం పనిచేసింది. ఆమె మా ఇంటి ఆడపిల్ల అని చెప్పుకోవడం నాకు గొప్ప.

ఆ రోజు మంచున్న థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని, పట్టుచీరతోనే ఆటో ఎక్కింది. మూత సరిగా పడలేదు. మండే ఎండలో ఆటో కదిలితే రెండు పక్కల నుంచీ తెల్లటి పొగ జారింది. అది చూసి, గేటు దగ్గరున్న బ్యాండువాళ్లు వాయించడం మొదలుపెట్టారు.