మేకపోతు తోక, సముద్రపు గాలం

మా ఆయనకు సముద్రం పరిచయమైంది ఫోన్‌లోనే. పుట్టింది పాలమూరు మెట్టలో, పని జడ్చర్లలో మందుల కంపెనీలో. మోకాలి లోతు నీళ్లంటేనే భయం. అలాంటి మనిషికి ఉన్నట్టుండి బాపట్ల వెళ్లి సముద్రంలో చేపలు పట్టాలన్న పిచ్చి పట్టింది. రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో వచ్చి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా గాలానిదే అన్నాడు.

ఆ గాలాన్ని జిగ్ అంటారు. సీసపు తల, దానికొక ముల్లు, వెనక వెంట్రుకల కుచ్చు. నీళ్లలో కుచ్చు ఆడుతుంటే పెద్ద చేప అదేదో చిన్న చేపనుకుని మింగుతుంది. ఈయన కొన్నవన్నీ ఎడ్ల కొమ్ములకు కట్టే కుచ్చుల్లా ఒత్తుగా, రంగురంగులుగా ఉన్నాయి. సీసం చూస్తే రేగుగింజంత. అలల్లో అది అడుక్కి ఎప్పుడు దిగాలి? పైగా విసిరీ విసరగానే బావిలో బొక్కెన చేదినట్టు గబగబా లాగేస్తాడట. గాలం అడుగు తాకాలి, కొంచెం ఎత్తాలి, మళ్లీ వదలాలి, కిందికి జారేటప్పుడే చేప అందుకుంటుంది. ఆయన చూసే వీడియోల్లోనే ఈ మాట పదిసార్లు చెప్పారు. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న నాకు అర్థమైంది గానీ ఆయనకు కాలేదు.

"నేనే తయారుజేస్త. మీ ఇంట్ల ఉన్ని ఉన్నది గద" అని నన్ను మక్తల్ దగ్గర, గొర్రెలు మేకలు సాకే మా తల్లిగారింటికి తీసుకెళ్లాడు.

అక్కడ మా నాయిన తల్లి, మా అవ్వ, మూడేళ్లుగా ఒక మేకపోతును సాకుతోంది. నేను దవాఖానలో చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఎల్లమ్మకు మొక్కిన పోతు అది. మొక్కిన జీవం మీద కత్తెర పడకూడదు. పడితే అది మొక్కుకు పనికిరాదు. ఆ నెలలోనే మొక్కు చెల్లించాలని అవ్వ చుట్టాలందరికీ చెప్పి పెట్టుకుంది.

మా ఆయన గొర్రె ఉన్ని ముందేసుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఉన్ని నీళ్లు తాగుతది. తడిసిన గొంగడి ఎప్పుడన్న లేపినవా? మేకతోక వెంట్రుక గావాలె. అది విడివిడిగ ఆడ్తది."

"ఓహో, గియ్యన్ని నీకెట్ల తెల్సు?"

మేకల ఇంటి బిడ్డనని చూపించాలనిపించింది. కత్తెర తీసుకుని దొడ్లోకి వెళ్లాను. అవ్వ మేకల మేతకు ఆకుమండలు కొట్టుకురావడానికి పోయింది. ఎండాకాలం కాబట్టి మేకలన్నిటికీ వెంట్రుక కత్తిరించి ఉంది, ఒక్క పోతుకు తప్ప. ఆ ఒక్కదాన్నే ఎందుకు వదిలారో చంటిపిల్లకైనా తట్టాలి. అవి నా పెళ్లయ్యాక పుట్టినవి, ఏది ఏదో నాకు తెలియదు. మొక్కుపోతు ఏదని మా నాయినను పిలిచి అడగొచ్చు, కానీ మా ఆయన ముందు చిన్నబోతానని అడగలేదు. తోక కుచ్చు పట్టుకుని కత్తిరించేశాను.

అరుగు మీద కూర్చుని బరువైన సీసానికి పల్చగా కడుతుంటే అవ్వ వచ్చింది. దొడ్లోకి చూసి, తర్వాత నా ఒడిలోకి చూసింది.

"ఎవరు గోసిన్రు?"

"ఈమెనే" అని మా వీరుడు వెంటనే వేలు చూపించాడు.

అవ్వ మండలు మేకలకు వేసి లోపలికి వెళ్లి పడుకుంది. తిడితే బాగుండేది.

ఆ వారమే ఆయన ఆ గాలంతో చేప పట్టాడు. ఫొటో జడ్చర్లంతా చూపించుకున్నాడు. ఆయన మీద అసహ్యం వేసింది, నా మీద అంతకంటే ఎక్కువ వేసింది. ఒక్కదాన్నే బస్సెక్కి అవ్వ దగ్గరికి వెళ్లాను.

అవ్వ దొడ్లో ఉంది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకో పోతు ఎదగాలంటె మూడేండ్లు వడ్తది బిడ్డా. గన్నేండ్లు నేనుంటనో, ఉండనో."

ఒక మగ మేకపిల్లను ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

"మంచిగ చూడు. చెవి కింద గీ తెల్ల మచ్చ చూడు. నేను లేకుంటె నువ్వే గుర్తువట్టాలె."