సి డ్రైవ్‌లో మనవేమీ లేవు

బుక్కరాయసముద్రంలో మాది డీటీపీ అంగడి. పెళ్ళిపత్రికలు, ఊరి దేవర జాతర కరపత్రాలు, అర్జీలు, ఏది కావాలన్నా తెలుగులో టైపు చేసి ఇస్తాం. ఇస్తాం అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, మా ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఇచ్చేది నేనొక్కదాన్నే.

పాత కంప్యూటర్ కొన్నది ఆయనే, అందులో తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్ ఎక్కించిందీ ఆయనే. ఆ ప్రోగ్రామ్‌లో ఒక ఏర్పాటు ఉంది. ఒక వాక్యాన్ని ముందే రెండక్షరాలకు ముడిపెట్టి ఉంచుకుంటే, తర్వాత ఆ రెండూ కొట్టగానే వాక్యం మొత్తం తెర మీద పడుతుంది. ఒంట్లో బాగాలేని ఆఖరి నెలల్లో ఆయన వచ్చేపోయే వాళ్ళను నాకు వదిలేసి, మధ్యాహ్నాలు దాని ముందు కూర్చుని ఏవేవో ఎక్కిస్తూ ఉండేవాడు. ఏం చేస్తున్నావని అడిగాను.

"మణికట్టు నొస్తాదంటివి కదమ్మే. రెండక్షరాలు కొట్టు, మిగతాది అదే వస్తాది" అన్నాడు.

ఏయే అక్షరాలో చెప్పమన్నాను. "కొడతాంటే తెలుస్తాదిలే" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నోటితో చెప్తే పోయేదానికి ఈ దాగుడుమూతలేమిటని గొణుక్కుంటూ జిరాక్స్ మిషన్ దగ్గరికి పోయాను.

ఆయన పోయాక అవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎవరికో దేవర కరపత్రం చేస్తూ 'వక' అని కొట్టానో లేదో, 'వక్కాకు ఇచ్చి పిలిచినట్టే అనుకుని ఇంటిల్లిపాదీ రావలెను' అని వచ్చి కూర్చుంది. 'శన' కొడితే, వాన లేక శనక్కాయ పంట ఎండిపోయిందని అధికారికి పెట్టుకునే అర్జీ సగం వచ్చేసింది. ఇవన్నీ పనికొచ్చేవి. ఒకరోజు మాత్రం కళ్యాణం అని కొట్టబోయి 'కళ' దగ్గర చెయ్యి ఆగింది. 'కళ్ళద్దాలు పెట్టుకో' అని పడింది తెర మీద. నిజంగానే పెట్టుకోలేదు. ఎదురుగా పత్రిక కోసం వచ్చినాయన ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చేశాను.

ఆయన ఎక్కించినవాటి జాబితా ప్రోగ్రామ్‌లోనే ఉంటుందని, తెరిస్తే అన్నీ ఒకేసారి కనపడతాయని నాకు తెలుసు. తెరవలేదు. తెరిస్తే చదవడం అయిపోతుంది, అంతటితో సరి. నెలకో రెండు నెలలకో ఒకటి దానంతటది వస్తుంటే, ఆ రోజు అంగడి మూసి ఇంటికి పోయేటప్పుడు కాళ్ళు తేలిగ్గా ఉండేవి.

ఈ ఎండాకాలం పాతది పూర్తిగా మొరాయించసాగింది. అనంతపురం నుంచి మాకు ఎప్పుడూ వచ్చే మెకానిక్‌ను పిలిచి కొత్తది పెట్టమన్నాను. పాతదాన్ని బాగుచేసి మా చెల్లెలు పాఠాలు చెప్పే బడికి ఇద్దామని అనుకున్నాను. డీటీపీ పని చేసే ఎవరినైనా అడగండి, సి డ్రైవ్‌లో మనవి ఏవీ పెట్టకూడదంటారు. కంప్యూటర్ చెడిపోతే ముందు తుడిచేది దాన్నే. మా ఆయనకైతే అది వేదవాక్కు. డెస్క్‌టాప్ కూడా సి లోదే కాబట్టి, దాని మీద ఒక్క ఫైలు కనపడినా నామీద గయ్యిమనేవాడు. ఇరవై ఏళ్ళ పత్రికలు, ఫాంట్లు, ఫోటోలు అన్నీ డి డ్రైవ్‌లోనే ఉంచాం.

మెకానిక్ డి మొత్తం కొత్తదానికి ఎక్కించి, తెలుగు ప్రోగ్రామ్‌ను సీడీతో మళ్ళీ కొత్తగా వేశాడు. "పాతదాంట్లో సి లో ఏమన్నా ఉండాయా అక్కా? తుడిచేస్తాండా" అని అడిగాడు.

"ఆడ మనవేమీ లేవప్పా. అన్నీ డి లోనే ఉండాయి. తుడిచెయ్" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

సాయంత్రం కొత్తదాని ముందు కూర్చుని 'వక' అని కొట్టాను. 'వక' అనే పడింది. మళ్ళీ కొట్టాను. 'శన' కొట్టాను. వెంటనే మెకానిక్‌కు ఫోన్ చేస్తే, తిరిగొచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఆ జాబితా ఫైలు ప్రోగ్రామ్ కడుపులో ఉంటుందట. ప్రోగ్రామ్ ఉండేది సి లో. పాతదాంట్లో సి తుడిచి, పైన కొత్త విండోస్ కూడా వేసేశాడు. రెండురోజులు దానిలో వెతికే సాఫ్ట్‌వేర్లన్నీ నడిపించాడు. దొరకలేదు.

"యాడన్నా రాసి పెట్టుకోలేదా అక్కా? ఒక్కసారన్నా తెరిచి చూసింటే..."

"చూడలేదప్పా. అయిపోతాయని చూడలేదు."

అతనికి ఏం అర్థమైందో, కీబోర్డును నావైపు జరిపాడు. "గుర్తుండేవి మళ్ళా ఎక్కించుకో అక్కా. పది నిమిషాల పని" అని చెప్పి, ఎట్లా ఎక్కించాలో చూపించి పోయాడు.

పనికొచ్చే వాక్యాలకు కొదవలేదు, పాత పత్రికలు తెరిస్తే అన్నీ ఉన్నాయి. కూర్చుని ఓ ఇరవై దాకా ఎక్కించాను. అంగడి పని ఎప్పటిలాగే సాగుతోంది. ఏ అక్షరాలు కొడితే ఏం వస్తుందో ఇప్పుడు నాకు ముందే తెలుసు, అన్నీ నేను పెట్టినవే కదా. ఆయన ఇంకా ఏదో ఒకటి అంటాడని రెండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. ఇక అనడు.