సాల్గా అన్నందుకు ఎక్కినవాడు

బాతిస్తా బాన్యాస్కో ఇటలీలో జెనోవా పక్క పల్లెలో గోడలకు సున్నం వేసుకునేవాడు. ఓడ దిగి రొసారియో వచ్చి, గది కోసం మా లోగిలికి చేరాడు. ఇంటామె దోన్యా రెమీహియా కాపురం మేడమీద. నేనూ ఇటలీదాన్నే, కానీ ఇక్కడ ఇస్త్రీ పనిలో పాతబడ్డాను. ఆ పూట వీధి కుళాయి దగ్గర ఉన్నాను. ముందు జరిగిందంతా పక్కగది వాళ్లు చెప్పిందే.

ఇంటామె బయటికి వచ్చేదాకా ఎందుకు ఖాళీగా కూర్చోవాలని, అతను వాకిట్లో పొయ్యి రాజేసి మొక్కజొన్న సంకటి కలపసాగాడు. పొగంతా ఆమె ఆరేసిన తెల్ల దుప్పట్ల మీదికి పోయింది. ఆమె మేడమీది వసారాలోకి వచ్చి కేకేసింది.

"సాల్గా!"

ఇక్కడి స్పానిష్‌లో దానికి అర్థం బయటికి నడవమని. మా ఇటలీలో అదే మాటకు పైకి దయచేయమని. బాతిస్తా టోపీ తీసి, జుట్టు సర్దుకుని మెట్లెక్కాడు.

"ఏమయ్యా, సాల్గా అంటుంటే మీదమీదికి వస్తావేం?"

ఇంకా పైకి కాబోలనుకుని డాబా ఎక్కాడు. ఆమె హడలిపోయి వీధిలోని పోలీసును పిలిచింది. అతను వాకిట్లో నిలబడి లాఠీ ఊపాడు.

"ఒరేయ్, సాల్గా!"

బాతిస్తా చుట్టూ చూసి నీళ్ల తొట్టి మీదికి ఎక్కాడు.

"సాల్గా అంటే వినపడదురా?"

బట్టల తట్టతో నేను వచ్చేసరికి అతను పైనుంచి మా భాషలో బతిమాలుతున్నాడు. "అయ్యా, ఇక్కడితో ఇల్లు అయిపోయిందండీ. ఇంకెక్కడికి ఎక్కమంటారు?"

నేను రెండువైపులా విడమరిచి చెప్పాను. దోన్యా రెమీహియా మెట్టుమీద కూలబడి, శాలువా అంచుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పోలీసు మాత్రం నవ్వలేదు.

"అయితే నేను వాణ్ణి మర్యాదగా పిలిచినట్టా?"

"చాలా మర్యాదగానండీ."

"స్టేషన్లో ఎవరితోనూ అనకు తల్లీ."

ఆమె బాతిస్తాను కిందికి దింపి, గది చూపించి, ఇక్కడివాళ్లు వంతులుగా తాగే మాతే ఆకు కషాయం సొరకాయ బుర్రలో పోసిచ్చింది. తాగి, బుర్ర తిరిగిస్తూ ధన్యవాదాలన్నాడు. ఇక్కడ ఆ మాటంటే ఇక చాలని. ఆమె మళ్లీ పొయ్యలేదు. అందరికీ మూడేసి సార్లు అందుతుంటే అతను గుటకలు మింగుతూ కూర్చున్నాడు.

"అక్కా, ఆమెకు నామీద ఇంకా కోపం పోలేదా?" అని నా చెవిలో అడిగాడు.

"గది ఇచ్చిందిగా, నోరు మూసుకుని సామాను సర్దుకో" అన్నాను.