పాట అందుకునే గొంతు

చిన్నక్క పాట ఎత్తితే కోడలు సంగీత అందుకోవాలి. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ రేకుల మందిరంలో ఆరాధన సాగేదే అట్లా. ఒకరు చరణం ఎత్తుతారు, మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. పాస్టరు కాశయ్య అయ్యగారికి పాట రాదు, ప్రార్థన వరకే. అందుకునే గొంతులు ఒక్కొక్కటే కొత్తగూడెంలోని పెద్ద మందిరం పంపే బస్సెక్కి వెళ్లిపోయాక, చిన్నక్కకు మిగిలింది కోడలి గొంతే.

ఒక ఆదివారం ఆ కోడలూ అక్కడికి పోదామంది. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. అంతమంది కలిసి ప్రార్థన చేస్తే దేవుడు వింటాడని ఆమె ఆశ. వద్దనడానికి చిన్నక్కకు నోరు రాలేదు. వంటకు బియ్యం పోసినప్పుడల్లా దేవుడికని తీసిపెట్టిన పిడికెడు బియ్యం మూట కట్టుకుని తనూ బస్సెక్కింది.

హాలంతా చీకటి. వేదిక మీద రంగుల లైట్లు, పొగ, గోడంత తెర మీద పాట అక్షరాలు. డ్రమ్ముల దెబ్బ గుండెలో మోగుతుంటే దేవుడు దగ్గరవుతున్నాడో, బీపీ పెరుగుతున్నదో చిన్నక్కకు తెలియలేదు. పక్కన సంగీత చేతులెత్తి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఇంట్లో ఆమె అట్లా ఏడవగా చిన్నక్క ఎన్నడూ చూడలేదు. ఈ పిల్ల ఇక మనకు దక్కదేమో అనిపించింది.

అంతలో వాద్యాలన్నీ ఆగాయి. పాడే అబ్బాయి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పాట ఆగిందంటే ఎవరో చరణం మరిచారని, వెంటనే ఎత్తిపెట్టాలని చిన్నక్కకు అలవాటు. ఎత్తేసింది. అంత నిశ్శబ్దంలో ఆమె గొంతొక్కటే లేచింది. తలలన్నీ ఇటు తిరిగాయి. మెడలో కార్డు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి, మర్యాదగానే, కూర్చోమంది. సంగీత అందుకోలేదు. తల దించుకుంది.

కానుక బియ్యం ఎక్కడ పోయాలని అడిగితే, ఆ అమ్మాయే కుర్చీ వెనక అంటించిన, ఫోన్లో డబ్బు వేసే స్కానర్ చూపించింది. మూట చిన్నక్క ఒళ్లోనే తిరిగి ఇల్లు చేరింది.

ఇంటికొచ్చాక చిన్నక్క అడిగింది.

"నా తోటి నీకు నామోషీ అయ్యిందా బిడ్డా?"

"అవ్ అత్తమ్మా, అయ్యింది." సంగీత కుండలోంచి నీళ్లు ముంచుకుంది. "గానీ ఆడ ఏడిస్తే ఎవలూ చూడరు. ఈడ ఏడిస్తే ఊరంతా ఏందని అడుగుతది."

వారమంతా చిన్నక్క ఆ మాటనే నమిలింది.

మళ్లీ ఆదివారం బస్సు హారన్ వినిపించగానే సంగీత చెప్పులేసుకుంది. చిన్నక్క పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. గడప దాటబోయి సంగీతే ఆగింది.

"నా పిడికెడు గూడ నీ మూటల్నే పోసిన. అయ్యగారికియ్యి."

రేకుల మందిరంలో ప్రార్థన ముగిసింది. మూట ఒళ్లో పెట్టుకుని చిన్నక్క పాట ఎత్తింది. చరణం చివర, కోడలు అందుకునే చోట, ఆగింది. ఎన్నడూ పాడని కాశయ్య అయ్యగారు బొంగురుగా అందుకున్నారు. శ్రుతి ఎటో పోయింది. చిన్నక్క తలుపు వైపే చూస్తూ రెండో చరణం ఎత్తింది.